ముల్లు మీటరు వెనకబాటు కాదు: లిస్టులో పేరిచ్చినోళ్లు ఒక్కసారి ఇది చదవండి



పోస్టు పొడుగైంది. ఓపిక లేనోళ్లు డబ్బుల లెక్క దగ్గర నుంచి చదువుకోండి. లిస్టులో పేరున్న 17 మంది మాత్రం మొత్తం చదవాలి.

సంగతి అందరికీ తెలుసు. మన సీనియర్ అన్న ఒకాయన పోయిన వారం పోస్టు పెట్టారు. పాత స్ప్లెండర్లు, ప్యాషన్లు ఉన్న కుర్రాళ్లంతా ముల్లు మీటర్లు పీకించేసి డిజిటల్ మీటర్లు వేయించుకోవాలంట. 20 మంది కలిసి ఏలూరులో ఒకే షాపుకి వెళ్తే రేటు తగ్గుతుందంట. పేర్లివ్వమన్నారు. రాత్రి పడుకునే లోపే 17 పేర్లు వచ్చేశాయి. స్కాలర్‌షిప్ రెన్యువల్ గురించి పోస్టు పెడితే రెండ్రోజులకి నలుగురు చూసే గ్రూపు ఇది. మీటరంటే మాత్రం గంటల్లో 17.

అన్న మీద నాకు కోపం లేదు. నా అడ్మిషన్ అప్పుడు సర్టిఫికెట్ల కోసం నాతో పాటు మూడు ఆఫీసులు తిరిగిన మనిషి. అందుకే పేరు రాయట్లేదు, ఎవరూ కామెంట్లలో కూడా రాయొద్దు. కానీ ఆ పోస్టులో ఒక వాక్యం ఉంది. "ఇంకా ముల్లు చూసుకుంటూ తిరిగేది అడివోళ్లే" అని. దాని కింద నలభై నవ్వు బొమ్మలు. పెట్టింది బయటోళ్లు కాదు. మనమే. కోయోళ్లం, కొండరెడ్లం, లంబాడీలం కూర్చుని "అడివోళ్లు" అన్న మాటకి నవ్వుకున్నాం. ఈ పోస్టు మొదట ఆ వాక్యం మీద, తర్వాతే మీటరు మీద.

అడివోడి మీటరు అన్నారు కదా, అసలు అందులో ఏముందో చూద్దాం. నేను బీఎస్సీలో ఫిజిక్స్ చదువుతున్నా. ఎడ్డీ కరెంట్లు అని ఒక పాఠం ఉంది. పరీక్షకి బట్టీ కొట్టేస్తాం, నిజంగా చూడాలంటే మన బండి హ్యాండిల్ మధ్యలోనే ఉంది అది. ముందు చక్రం డ్రమ్ములో చిన్న వార్మ్ గేరు ఉంటుంది. చక్రం తిరిగితే అది తిరుగుతుంది, దాంతో కేబుల్ లోపలి తీగ తిరుగుతుంది. తీగ పై కొసకి మీటరులో ఒక అయస్కాంతం. దాని మీద బోర్లించినట్టు అల్యూమినియం గిన్నె. ఆ గిన్నెకే ముల్లు బిగించి ఉంటుంది. ఇక్కడ ఆగి ఆలోచించండి, అయస్కాంతం అల్యూమినియాన్ని లాగదు. రెండూ ఒకదానికొకటి తగలవు కూడా. మరి ముల్లు ఎలా లేస్తుంది? అయస్కాంతం తిరిగేటప్పుడు గిన్నెలో కరెంటు సుడులు పుడతాయి, ఆ సుడులు గిన్నెని తమతో పాటు తిప్పాలని చూస్తాయి. వెంట్రుకంత స్ప్రింగు దాన్ని వెనక్కి పట్టుకుంటుంది. ఎంత స్పీడుగా తిరిగితే అంత లాగుడు, స్ప్రింగు అంత సాగుతుంది, ముల్లు అంత పైకి పోతుంది. బ్యాటరీ అక్కర్లేదు. చిప్పు అక్కర్లేదు. జర్మనీలో ఒట్టో షుల్జె అనే ఆయన 1902లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. మన మన్యంలో అల్లూరి పితూరీ మొదలైంది 1922లో. దానికి 20 ఏళ్ల ముందు పుట్టిన తెలివి ఇంకా మీ బండిలో పని చేస్తోంది. దీన్ని చూసి సిగ్గుపడాలా?

పాతదంటే చెడ్డది, అంకెలు వెలిగితే అభివృద్ధి. ఈ ఆలోచన మనకి ఎవరు నేర్పారో నాకు తెలీదు గానీ, దీంతో మనకి అమ్మిన వస్తువులు చాలా ఉన్నాయి. పోలవరం పునరావాస డబ్బులు పడ్డ ఊళ్లలో బంధువులున్నోళ్లకి నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు పనికొచ్చే మాట. మన ఊళ్లలో తిరిగే పాత స్ప్లెండర్లలో సగానికి బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది. హారన్ కొడితే మేక దగ్గినట్టు ఉంటుంది. అయినా కిక్ కొడితే బండి లేస్తుంది. ఎందుకంటే ఆ పాత బండ్లలో సీడీఐకి కరెంటు బ్యాటరీ నుంచి రాదు, మాగ్నెట్ కాయిల్ నుంచి వస్తుంది. ముల్లు మీటరుకి కూడా బ్యాటరీతో పని లేదు, కేబుల్ చాలు. డిజిటల్ మీటరుకి అలా కుదరదు. దానికి నిలకడగా 12 వోల్టులు కావాలి. బ్యాటరీ చచ్చిన బండికి తగిలిస్తే రేజు చేసినప్పుడల్లా వోల్టేజీ ఎగిరి పడుతుంది, మీటరు ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది, ఒకరోజు వెలగదు. అంటే లిస్టులో ఉన్నోళ్లలో చాలామంది మీటరు కంటే ముందు బ్యాటరీ కొనాలి. ఆ ఖర్చు పోస్టులో లేదు.

తాడేపల్లిగూడెంలో పాలిటెక్నిక్ చదివే మా ఊరి తమ్ముడు ఒకడు ఇప్పటికే వేయించాడు. సెలవులకి వచ్చినప్పుడు నా పక్కనే బండి నడిపాడు. తోడుగా ఉన్న బండి ముల్లు 60 దగ్గరుంటే వీడి తెర మీద 48. "అన్నా, మన బండి మెల్లగానే పోతుందిగా" అంటాడు. డిజిటల్ మీటరు స్పీడుని చూడదు, చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి, ఒక చుట్టుకి ఎంత దూరమో మనం చెప్పిన అంకెతో గుణిస్తుంది. ఆ అంకె తప్పైతే స్పీడు తప్పు, కిలోమీటర్లు తప్పు. టైరు మీద సుద్దముక్కతో గీత పెట్టి, వాణ్ణి బండి మీద కూర్చోబెట్టి, ఒక్క చుట్టు తోసి టేపుతో కొలిచాం. 187 సెంటీమీటర్లు. మీటరు సెట్టింగులోకి వెళ్తే 1500 మిల్లీమీటర్లని ఉంది. బిగించినోళ్లు డబ్బాలో వచ్చింది వచ్చినట్టే వదిలేశారు. అంటే వాడి తెర మీద 60 కనిపించినప్పుడు వాడు వెళ్తున్నది 75. గుండుగొలను నుంచి గూడెం వెళ్లే రోడ్డు మీద, లారీల మధ్య, హెల్మెట్ కూడా లేకుండా, 75లో వెళ్తూ 60 అనుకుంటున్నాడు. ముల్లు మీటరు కూడా కొంచెం అటూ ఇటూ చూపిస్తుంది, కాదనను. కానీ 15 తక్కువ చూపించదు.

పెట్రోలు ముల్లు సంగతి ఇంకా ఘోరం. ట్యాంకులో తేలే బెండు పైకీ కిందకీ కదిలితే ఒక రెసిస్టెన్స్ మారుతుంది, మీటరు దాన్ని చదువుతుంది. అది అన్ని బండ్లకీ ఒకటి కాదు. బజారులో దొరికే మీటర్లు కొన్ని 100 ఓమ్‌లకి, కొన్ని 510 ఓమ్‌లకి తయారు చేసినవి, కొన్నింట్లో రెండూ మార్చుకోవచ్చు. మన ట్యాంకుకి సరిపోనిది పెడితే ఖాళీ ట్యాంకుకి మూడు గీతలు చూపిస్తుంది. ఏలూరులో అయితే నష్టం లేదు, అర కిలోమీటరు తోస్తే బంకు వస్తుంది. బుట్టాయగూడెం దాటాక లోపలికి వెళ్లే రోడ్డు మీద రాత్రి తొమ్మిదింటికి? సీసాలో పెట్రోలు అమ్మే బడ్డీ కొట్టు కూడా మూసేసుంటుంది.

మన దగ్గర బైకు షోకు కాదని గవర్నమెంటుకి కూడా తెలుసు. 108 బండి రాలేని ఊళ్లున్నాయనే కదా 2018లో ఏజెన్సీకి ఫీడర్ అంబులెన్సులని బైకులు ఇచ్చింది. అది దొరకని రోజు నెప్పులొచ్చిన ఆడమనిషిని మధ్యలో కూర్చోబెట్టుకుని ముగ్గురం వెళ్లేది ఈ స్ప్లెండర్ మీదే. అలాంటి బండిలో పెట్రోలు ఎంతుందో అబద్ధం చెప్పే వస్తువు పెట్టుకుంటామా?

ఇక కొల్లేరు వైపు పనికి వెళ్లే తమ్ముళ్లు. సెలవుల్లో కైకలూరు, ఆకివీడు పక్క చేపల పట్టుబడికి కూలికి వెళ్లేవాళ్లు లిస్టులో నలుగురున్నారు. చెరువు గట్ల మీద తిరిగే బండికి ఏమవుతుందో మీకే బాగా తెలుసు. తెల్లారుజామున మంచు, పగలంతా తేమ, ఐసు లోడు నీళ్లు, ఎండాకాలం గట్టు మీద నీడే ఉండదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేరులోకి దిగినప్పుడు ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికే నీళ్లొచ్చాయి. ఆ నీళ్లలో తోసిన బండికి ముల్లు మీటరు కేబుల్ తుప్పు పడుతుంది, నిజమే. కేబుల్ లాగి, తుడిచి, గ్రీజు పెట్టి మళ్లీ దూర్చుతాం. చవకరకం డిజిటల్ మీటరులోకి తేమ దూరితే అద్దం లోపల చెమట పడుతుంది, తర్వాత అంకెల్లో ముక్కలు మాయమవుతాయి. 8 కాస్తా 6 అవుతుంది. మే నెల ఎండలో గంటల తరబడి నిలబెడితే తెర నల్లబడుతుంది. కొన్ని చల్లబడ్డాక తేరుకుంటాయి, కొన్ని తేరుకోవు. విప్పి బాగుచేసే దారి ఉందా అంటే, అంచులన్నీ జిగురు పెట్టి మూసేస్తారు. కొత్తది కొనుక్కోవడమే.

మా మావయ్యకి బుట్టాయగూడెం రోడ్డులో చిన్న షెడ్డుంది. ఏడో తరగతి చదివాడు. ఆగిపోయిన ముల్లు మీటరుని పది నిమిషాల్లో చెప్తాడు, కేబుల్ తెగిందా, వార్మ్ అరిగిందా, గిన్నె పట్టేసిందా అని. డిజిటల్ తీసుకెళ్తే "ఇది పారెయ్యాలిరా" అంటాడు. ఆయనకి తెలివి లేక కాదు, విప్పడానికి వీలు లేకుండా చేశారు కాబట్టి. పల్లెల్లో అలాంటి షెడ్లు మనవాళ్లవి కొన్నే ఉన్నాయి. మన 17 బండ్లు ఏలూరు షాపుకి వెళ్తే ఆ పని ఇంకెప్పుడూ వాళ్ల దగ్గరికి రాదు. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం కూడా కొన్న వస్తువుని బాగుచేయించుకునే హక్కు అని ఒక పోర్టల్ పెట్టింది, అందులో బండ్లు కూడా ఉన్నాయి. ఢిల్లీలో కూర్చున్నోళ్లే బాగుచేసుకోవడం హక్కు అంటుంటే, బాగుచేసుకోగలిగే దాన్ని మనం చేతులారా పీకి పారేస్తున్నాం.

"కంపెనీలే మారిపోయాయి కదా" అని ఒక తమ్ముడు కామెంటు పెట్టాడు. మారాయి. 2022లో హీరో వాళ్లు స్ప్లెండర్ ప్లస్ ఎక్స్‌టెక్ అని పూర్తి డిజిటల్ మీటరుతోనే తెచ్చారు. పల్సర్‌లో అయితే మనం బడికి వెళ్లకముందే స్పీడుకి అంకెలొచ్చాయి. దాన్ని నేను తిట్టట్లేదు. ఆ బండికి వైరింగు, ఛార్జింగు, సెన్సారు అన్నీ ఆ మీటరు కోసమే కట్టారు, పాడైతే వారంటీలో అడగొచ్చు. మనం చేసేది అది కాదు, 2008 బండికి వైర్లు కోసి, టేపు చుట్టి, పేరు లేని డబ్బా తగిలించడం. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 బండ్లున్నోళ్లు ఇద్దరు కూడా పేర్లిచ్చారు. తమ్ముళ్లూ, మీ మీటరులో ఇంజిన్ బొమ్మ లైటు ఉంటుంది, ఇంజెక్షన్‌లో లోపం వస్తే వెలిగేది అదే. బయటి మీటరు పెడితే ఆ లైటు పోతుంది. మీరైతే అసలు ఆ షాపు వైపే వెళ్లొద్దు.

పోలీసులు పట్టుకుంటారని నేను బెదిరించను. బండి రూపం మార్చకూడదనే సెక్షన్ 52 ఉంది గానీ, అది ఆర్సీలో రాసిన వివరాలు మారితే వచ్చే గొడవ. మీటరు ఆర్సీలో ఉండదు. 1989 నిబంధనల్లో స్పీడోమీటరు ఉండాలని ఉంది, ముల్లా అంకెలా అన్నది కాదు గొడవ. చట్టం పేరు చెప్పి భయపెట్టడం నాకు నచ్చదు, మనల్ని ఇప్పటికే చాలామంది అలా భయపెట్టారు.

కానీ కిలోమీటర్ల రీడింగు గురించి చెప్పకుండా ఉండలేను. కొత్త మీటరు సున్నా నుంచి మొదలవుతుంది. కొన్నింట్లో నచ్చిన అంకె పెట్టుకోవచ్చు కూడా. మనవాళ్లు కొనేది ఎక్కువ సెకండ్‌హ్యాండ్ బండ్లే. కొనేటప్పుడు చూసేది టైరు, ఇంజిన్ చప్పుడు, మీటరు రీడింగు. మా నాన్న కూలి డబ్బులు కూడబెట్టి ఒక షాపులో కొన్న బండికి రీడింగు 21 వేలు. మావయ్య ఇంజిన్ విప్పి బోరు చూసి, "బావా, ఇది ముసలిదయ్యా" అన్నాడు. దానికి ఉన్నది ముల్లు మీటరే, అదీ తిప్పినదే, కాబట్టి పాత మీటర్లు సత్యహరిశ్చంద్రులని నేను చెప్పట్లేదు. కానీ మీరు ఇవాళ సున్నా పెట్టుకున్న బండి రెండేళ్లకి అమ్మేస్తారు. ఎవరికి? మళ్లీ మన ఊరోడికే. వాడు తెర మీద 9 వేలు చూసి సంతోషపడి డబ్బులిస్తాడు. 1/70 చట్టం ఉండగానే కాగితం మీద అంకెలు, పేర్లు మార్చి మన భూములు ఎలా పోయాయో ముసలోళ్లని అడగండి. ఆ విద్య మనోడి మీద మనమే వాడొద్దు.

ఇప్పుడు డబ్బులు. మీటరు 2,200, ఫిట్టింగు 300. ఒక్కొక్కడికి 2,500. 17 మందికి 42,500. ఇది తగ్గించిన రేటే. జంగారెడ్డిగూడెం పక్క పొగాకు తోటల్లో మా అమ్మ నడుం వంచితే 2,500 రావడానికి ఎన్ని రోజులో నాకు తెలుసు, మీ అమ్మకి ఎన్ని రోజులో మీకూ తెలుసు. ఇంకోటి, ఆ లిస్టులో ఒక్క ఆడపిల్ల పేరు లేదు. వాళ్లలో బండున్నోళ్లే లేరు. అదే ఊళ్ల నుంచి, అదే స్కాలర్‌షిప్ మీద చదువుతూ ఆటోకి ఇరవై రూపాయలు మిగుల్తాయని పాత బస్టాండు నుంచి నడిచి వస్తున్నారు. వాళ్లు ఈ పోస్టులు చూసి ఏమనుకుంటారో అని కూడా మనకి లేదు.

డిజిటల్‌లో మంచి లేదా అంటే ఉంది. రాత్రి బాగా కనిపిస్తుంది. గడియారం ఉంటుంది. ఏ గేరులో ఉన్నామో చూపిస్తుంది. యాక్సిడెంటులో మీటరు మొత్తం పగిలిపోయి, పాత రకం సెట్టు దొరకనోడికి ఇదే దారి కావచ్చు. లిస్టులో అలాంటోడు ఒకడున్నాడు, వాడు వేయించుకోవాలి. ముందు బ్యాటరీ మార్చు, టైరు చుట్టుకొలత నువ్వే కొలిచి దగ్గరుండి సెట్ చేయించు, ట్యాంకు సెన్సారు ఎన్ని ఓమ్‌లో మీటరు కొనక ముందే చూపించుకో, పాత రీడింగు ఫోటో తీసి ఆర్సీతో పాటు దాచు. వైర్లు కోస్తానంటే ఒప్పుకోకు, కప్లర్ పెట్టమను. పాత మీటరు ముక్కలు షాపులో వదిలి రాకు, మావయ్య లాంటోళ్లకి స్పేరుకి పనికొస్తాయి.

మిగతా 16 మంది సంగతేంటి? నాకు బాధ కలిగేది ఇక్కడే. నిన్న సాయంత్రం హాస్టల్ ముందు నిలబెట్టిన బండ్లు లెక్కపెట్టాను. 23 బండ్లు. అందులో 14 బండ్లకి ముల్లు సున్నా మీదే చచ్చిపోయి ఉంది. ఎన్నాళ్లుగా అని అడిగితే "నేను కొన్నప్పటి నుంచీ" అని ఒకడు, "రెండేళ్లు" అని ఒకడు. లిస్టులో ఉన్నోళ్లలో 11 మంది బండ్లు నేను చూశాను, 11కి 11 పాడైంది కేబులో వార్మో. మీటరు శుభ్రంగా ఉంది. అంటే మనకి ముల్లు మీటరు పాతబడలేదు, మనం దాన్ని పట్టించుకోలేదు. రెండేళ్లు స్పీడు తెలీకుండా తిరిగినోడికి ఇవాళ హఠాత్తుగా డిజిటల్ స్పీడు కావాల్సి వచ్చింది! అన్న పోస్టులో మాట వల్ల వచ్చిన సిగ్గు తప్ప వేరే కారణం ఉంటే కామెంటులో రాయండి, ఒప్పుకుంటాను.

కేబుల్ 150 లోపు దొరుకుతుంది. వార్మ్ సెట్టు 100 అనుకోండి. 17 బండ్లకీ రెండూ మార్చినా 4,250. పదో వంతు. బిగించడానికి షాపు కూడా అక్కర్లేదు. ముందు చక్రం ఊడదీసి, డ్రమ్ములో పాత గ్రీజు తుడిచి, వార్మ్ మార్చి, కేబుల్ కింద దూర్చి పైన మీటరుకి చేత్తో బిగించడమే. చక్రం తిరిగి ఎక్కించేటప్పుడు మీటరు గేరు పళ్లు గాడిలో కూర్చున్నాయో లేదో చూసుకోవాలి, లేకపోతే కొత్త వార్మ్ ఆ రోజే విరుగుతుంది. కేబుల్‌ని గట్టిగా వంచకూడదు, వంపు ఎక్కువైతే లోపలి తీగ అక్కడే తెగుతుంది. మావయ్య దగ్గర సెలవుల్లో పని చేసినప్పుడు ఇవి నా చేతులతో చేశాను.

వచ్చే ఆదివారం పొద్దున్న ఏడింటికి, ఎండెక్కక ముందే, హాస్టల్ వెనక వేపచెట్టు కింద మొదలుపెడతా. షాపుకి వెళ్లాల్సిన ఆదివారం అదే కదా, పని మానుకోవాల్సింది కూడా లేదు. కేబుళ్లు, వార్మ్‌లు ఒకేసారి తేవాలి కాబట్టి శుక్రవారం లోపు బండి మోడల్, సంవత్సరం రాయండి. స్ప్లెండర్ కేబుల్ ప్యాషన్‌కి సరిపోతుందిలే అని నాకు చెప్పొద్దు, పాత కేబుల్ పక్కన పెట్టి పొడవు చూశాకే కొంటా. ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసేవాళ్లు, బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ వాళ్లు కూడా రండి. గూడెం తమ్ముడి దగ్గర ఆరిపోయిన డిజిటల్ మీటరు ఇంకోటి ఉందంట, వాడి ఫ్రెండుది. తెప్పిస్తున్నాను. జిగురు కోసి విప్పి చూద్దాం, లోపల ఏముందో మనకీ తెలియాలి. మల్టీమీటరు కాలేజీ ల్యాబులోది అడిగితే ఇవ్వరు, ఎవరి దగ్గరైనా సొంతది ఉంటే తీసుకురండి.

అన్నని కూడా రమ్మంటున్నాను. అన్నా, మీ బండి ముల్లు కూడా 40 దగ్గర వణుకుతోంది, నేను చూశాను. అది కేబుల్‌లో గ్రీజు ఎండిపోవడం, ఇరవై రూపాయల పని.

యాక్సిల్ నట్టుకి పట్టే పెద్ద స్పానరు మా రూములో ఉన్నది అరిగిపోయి జారుతోంది. ఎవరి దగ్గరైనా మంచిది ఉంటే కింద రాయండి.